దెబ్బతిన్న నావ: కాపాడవలసిన వరుస

కడలిలో దెబ్బతిన్న నావలను ఉద్ధరించుటయే వృత్తిగా గలవారికి ఒక వరుస యున్నది. ముందు మనుష్యుల ప్రాణములు; పిమ్మట నష్టము పెరుగకుండ నిలుపుట; ఆ తరువాత నావను తేల్చుట; చిట్టచివరకు సరుకు. శతాబ్దముల అనుభవముచే స్థిరపడిన యీ వరుసలో పరువు అను వస్తువునకు చోటు లేదు. మనకు ఆపద వచ్చినపుడు మనము పాటించు వరుస దీనికి సరిగా తలక్రిందులు: మొట్టమొదట పరువును, తరువాత సొమ్మును, అన్నింటికిని కడపట, అదియును మిగిలియున్నయెడల, ప్రాణమును కాపాడుకొన జూతుము. ఆపద వలన చెడినవారి కంటె ఆపదలో వరుస తప్పి చెడినవారే యెక్కువ. ఈ యధ్యాయము ఆ వరుసను నేర్చుకొనుటకు వ్రాయబడినది.

విశాఖపట్నమునందలి కూర్మన్నపాలెము కూడలిలో నిలుచుండువానికి సముద్రము కనబడదు. కాని యా యూరి బ్రతుకుదెరువంతయు సముద్రముతో ముడిపడియే యున్నది. ఉక్కు కర్మాగారపు కొలుములకు కావలసిన కోకింగు బొగ్గు ఓడలలో వచ్చును. సమీపముననే గంగవరము రేవు, దాని కావల యారాడ కొండలు, ఆ కొండల కొసను విశాఖ రేవు ముఖద్వారమున డాల్ఫిన్ నోస్ అను రాతిమొన. 2021లో కర్మాగారమును ప్రైవేటు పరము చేయుదురను నిర్ణయము వెలువడినప్పుడు కార్మికులు దీక్షాశిబిరము వేసినది ఈ కూడలిలోనే; 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ సాయమును ప్రకటించినప్పుడు ఆ వార్తను చెప్పుకొన్నదియు ఇచటి టీ దుకాణముల వద్దనే. చెడినదానిని విడువవలెనా, నిలుపవలెనా, నిలుపుట యెట్లు అను ప్రశ్నలు ఇచటి పాఠకునకు క్రొత్తవి కావు. సంస్థలను గూర్చి ఆ ప్రశ్నలను వేయ నేర్చినవారము, మన సొంత జీవితములను గూర్చి వేసికొనుటకు మాత్రము జంకుచున్నాము.

1. మొదట మనిషి

2018 జూలై 1న ఫ్రాన్సులోని లె సాబ్ల్ దొలోన్ రేవునుండి గోల్డెన్ గ్లోబ్ రేసు అను పందెము ఆరంభమైనది. ఒంటరిగా, ఎచటను ఆగక, ఉపగ్రహముల సాయముతో దారిచూపు యంత్రముల నుపయోగింపక, పూర్వపు నావికులవలె సూర్యనక్షత్రములను కొలిచి దిక్కు తెలిసికొనుచు, తెరచాప నావలో భూగోళమును చుట్టి రావలెననునది దాని నియమము. అంతకు అయిదేండ్ల ముందు ‘మ్హాదెయి’ నావలో అట్టి నిరంతర ప్రదక్షిణమును ఒంటరిగా ముగించిన ప్రథమ భారతీయుడుగా పేరొందిన నౌకాదళ కమాండరు అభిలాష్ టామీ, గోవాలో నిర్మితమైన ‘తురీయ’ యను చిన్న నావలో ఈ పందెమునకు బయలుదేరెను. సెప్టెంబరు 21న, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు సుమారు 1,900 నాటికల్ మైళ్ల దూరమున, దక్షిణ హిందూ మహాసముద్రమునందు ఆయనను తుపాను పట్టుకొనెను. పది మీటర్లకు మించిన యలలు నావను బోర్లించివేయగా తెరచాపకొయ్య విరిగి ప్రక్కకు వ్రాలెను. నావికుని వెన్నెముక దెబ్బతినెను. ఆయన పడిన చోటినుండి లేవలేకపోయెను.

అట్టి స్థితిలో ఆయన పంపిన వార్తలు విలాపములు కావు. నావ బోర్లపడినది, కొయ్య విరిగినది, వెన్నుకు తీవ్రమైన దెబ్బ, లేవలేను. కొంత తడవునకు, నడువలేను, స్ట్రెచరు కావలెను. ఇంతియే వాని సారాంశము. తప్పెవరిది, గాలి యెందుకట్లు వీచెను, నా యదృష్టమెట్టిది అను మాటలు వానిలో లేవు. అందుచేతనే, ఆ వార్తలను చదివినవారికి ఏ ఓడను పంపవలెనో, అందు ఏ సామగ్రి నుంచవలెనో తత్క్షణమే బోధపడెను.

సాయమడుగుట ఒక విద్య. అందు నాలుగు మాటలుండవలెను: ఏమి జరిగినది, ఇప్పుడెచట నున్నాను, నా చేతనగునది యెంత, నాకు కావలసినది యేది. మనమట్లడుగము. పినతండ్రి యింటికి పోయి, గంటసేపు భాగస్వామి చేసిన ద్రోహమును వర్ణించి, నడుమ నడుమ కన్నీరు తుడుచుకొని, కట్టకడపట “ఏదో మీరే చూడాలి” యని లేచి వత్తుము. ఆ పెద్దమనిషికి మనకు కావలసినది ధనమో, మాటసాయమో, ఓదార్పో తెలియక, తెలియని దానిని తప్పించుకొనుటయే మేలని యూరకుండును. మనము ఆయనను కఠినుడని నిందింతుము. దానికి మారుగా, “బాబయ్యా, బిల్లు ఆగిపోయింది. లారీ వాయిదాలు మూడు తప్పాయి. ఈ నెల ఇల్లు గడుపుకోగలను. బ్యాంకు మేనేజరు దగ్గరకు మీరు ఒక్కసారి నాతో వచ్చి మాట్లాడాలి” అని చూడుడు. నాలుగు వాక్యములలో ఆయనకు త్రోవ దొరకును. కాదనవలసివచ్చినను, దేనిని కాదనుచున్నాడో తెలిసి కాదనును.

ఇక వచ్చినవారెవరో చూడుడు. గాలింపును ఆస్ట్రేలియా అధికారులు సమన్వయపరచిరి. భారత నౌకాదళపు విమానము పైనుండి నావ జాడ కనుగొనెను. అదే తుపానులో తన కొయ్యను సైతము పోగొట్టుకొన్న గ్రెగర్ మెక్‌గకిన్ అను ఐరిష్ పోటీదారుడు, మిగిలిన వాసముతో తాత్కాలికముగా తెరచాప నెత్తి, టామీ వైపునకే నావను మరల్చెను. కడకు సెప్టెంబరు 24న ‘ఓసిరిస్’ అను ఫ్రెంచి నౌక, చేపలవేటపై నిఘావేయుటకు తిరుగునట్టిది, ఆయనను చేరి, స్ట్రెచరుపై నెక్కించుకొని, అగ్నిపర్వతము వలన పుట్టిన ఆమ్‌స్టర్‌డామ్ అను ఒంటరి రాతిదీవికి కొనిపోయెను. అచటినుండి మన నౌకాదళపు ‘సాత్పురా’ ఆయనను తీసికొని అక్టోబరు 6న విశాఖపట్నము చేర్చెను. ‘తురీయ’ను మాత్రము అలలకు విడిచిరి. నెలల శ్రమ, ప్రేమతో కట్టించుకొన్న నావ, పందెములో మూడవ స్థానము, ఇవన్నియు ఆ సముద్రముననే మిగిలినవి, మనిషి మిగిలెను. ఆ లెక్కలో నష్టమున్నది గాని పొరపాటు లేదు.

ఇంటరు ఫలితములు వెలువడిన దినమున మన యిండ్లలో జరుగునదేమి? పిల్లవాడు తప్పెనని తెలిసిన తోడనే ఇరుగుపొరుగువారికేమి చెప్పవలెనను చింత బయలుదేరును. ఆ పూట అడుగవలసిన మొదటి మాట “అన్నం తిన్నావా?” అనునది, రెండవది “ఈ రాత్రి నా దగ్గర పడుకో” అనునది. మార్కుల పత్రము, మరల కట్టవలసిన రుసుము, మారవలసిన కళాశాల, ఇవన్నియు సరుకు; సరుకు లెక్క వారము దాటిన పిమ్మట చూచుకొనవచ్చును. ఇంటిలోని మాటలు చాలవని తోచినపుడు 14416 అను టెలి మానస్ సంఖ్యకు ఫోను చేసినచో మాటలాడువారుందురు. అది ప్రభుత్వము నడుపు ఉచిత సేవ. ఆ సంఖ్యను గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుడు.

2. లాగుటకు ముందు పరీక్ష

రాతిపై నెక్కిన ఓడను చూచినవానికి తోచు మొదటి యూహ దానిని లాగివేయవలెననునది. ఉద్ధారకులు ఆ పని చేయరు. రాయి ఓడ అడుగును చీల్చియుండవచ్చును. ఓడను పట్టియుంచినదియు, చీలికను కొంత మూసియుంచినదియు ఆ రాయియే కావచ్చును. అడుగు పరీక్షింపక లోతునీటిలోనికి లాగిన ఓడ, రాతిపై నున్నంతసేపు నిలిచి, విడుదలయైన గడియలో మునుగును.

ఇందుకు సాటిలేని నిదర్శనము 1770 జూన్ 11 రాత్రి ఆస్ట్రేలియా తూర్పుతీరమున జరిగినది. జేమ్స్ కుక్ నడుపుచున్న ‘ఎండెవర్’ అను తెరచాప ఓడ, పోటు సమయమున పగడపు దిబ్బపై నెక్కెను. పోటులో నెక్కిన ఓడకు పాటులో విడుదల లేదు. మరునాటి పగటి పోటునకు నీరు సుమారు అడుగున్నర తక్కువ వచ్చి ఓడ కదలలేదు. చిన్న పడవలలో లంగరులను దూరముగా కొనిపోయి లోతున విడిచి, వాని త్రాళ్లను బిగించి, ఓడలోని వారందరును అధికారి కళాసి యను భేదము లేక వంతులవారీగా నీరు తోడుచు, రాత్రి పోటు కొరకు వేచియుండిరి. ఆ రాత్రి, ఎక్కిన యిరువదిమూడు గంటలకు, ఓడ తేలెను.

తేలినదే గాని నీరు చొచ్చుచునేయుండెను. అప్పుడు జొనాథన్ మంక్‌హౌస్ అను చిన్న యధికారి, తాను వేరొక ఓడలో చూచిన ఉపాయమును చెప్పెను. పాత తెరచాప నొకదానిని పరచి, దానిపై సన్నగా తరిగిన నారను, ఉన్నిని పిడికెడు పిడికెడుగా కుట్టి, పేడ పూసి, త్రాళ్లతో ఓడ క్రిందుగా లాగుకొనిరాగా, లోనికి చొచ్చు నీటివేగమే ఆ గుడ్డను రంధ్రమునకు పీల్చి అదిమిపట్టెను. నీటిని తోడుటకు ఒక్క పంపు చాలినది. కుక్ వంటి నావికుడు క్రిందివాని మాటను విని, ఆ పనిని వానికే యప్పగించుట గమనింపదగినది. తరువాత ఓడను ఒక నదీముఖమున ఒడ్డెక్కించి చూడగా, పెద్ద రంధ్రములో పగడపు రాతిముక్క యొకటి విరిగి ఇరుకుకొనియుండెను. ఓడను చీల్చిన రాయియే దానిని మునుగనీయలేదు.

కర్మాగారములోనికి కూలీలను, లారీలను పంపు చిన్న గుత్తేదారు నొకనిని ఊహింతము. ఆరు నెలలుగా బిల్లు రాలేదు. కూలీలకు వారము తిరుగునప్పటికి జీతమీయక తప్పదు. అతడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అయిదు లక్షలు తెచ్చెను. నెలకు పదునైదు వేలు వడ్డీ. ఆ వడ్డీ కట్టుటకై చీటీని ఎక్కువ తోపుడుకు పాడి తొందరగా ఎత్తుకొనెను. చీటీ వాయిదాకు ఇల్లాలి గాజులు తాకట్టు పోయెను. గాజులు విడిపించుటకు బావమరది వద్ద చేబదులు. ప్రతి నెలయు అతడు ఓడను లాగుచునే యున్నాడు. అడుగున నెన్ని రంధ్రములున్నవో ఒక్కసారియు వంగి చూడలేదు.

అట్టివాడు చేయవలసిన మొదటిపని క్రొత్త అప్పునకు తిరుగుట కాదు. ఒక సాయంకాలము కూర్చుండి, ఇల్లాలిని ప్రక్కన నుంచుకొని, తిరిగి ఏమియు రాకుండ నెలనెలకు పోవుచున్న సొమ్ము నొక్క కాగితముపై వ్రాయవలెను: వడ్డీ ఎంత, ఆలస్యపు జరిమానా ఎంత, పనిలేక నిలిచియున్న లారీకి కట్టు వాయిదా ఎంత. అసలు అప్పు వేరు, కారుట వేరు. అసలును చూచి భయపడువాడు కారుటను గమనింపడు. మూడు రూపాయల వడ్డీని రూపాయికి దింపగల మార్గము బ్యాంకులో నగల తాకట్టు కావచ్చును, నిలిచియున్న లారీ అమ్మకము కావచ్చును. ఏదైనను, అది ఆదాయము పెంచు యత్నము కంటె ముందుగా జరుగవలెను.

3. బరువు దింపుట

‘ఎండెవర్’ తేలుటకు పోటు ఒక్కటియే చాలలేదు. కుక్ నలుబది యేబది టన్నుల బరువును సముద్రమున పారవేయించెను. అందు ఆరు ఫిరంగులు, ఇనుప దిమ్మలు, రాళ్లు, పీపాలు, చెడిన తినుబండారములు ఉండెను. యుద్ధనౌకాదళమునకు చెందిన యధికారి ఫిరంగులను నీటిపాలు చేయుట చిన్న విషయము కాదు. అవి బలమునకును గౌరవమునకును గుర్తులు. కాని ఆ రాత్రి అవి కేవలము బరువు. ఆ ఫిరంగులు 1969లో గాని మరల దొరకలేదు.

ప్రతి సంసారములోను ఇట్టి ఫిరంగులుండును. ఊరిలోని వారికి చూపుటకై నిలుపుకొన్న కారు. కూతురి పెండ్లిని కల్యాణమండపములోనే చేయవలెనను పట్టుదల. తెరిచిన నాటినుండి నష్టము తెచ్చుచున్నను “మూసేశాడట” అను మాట పడలేక నడుపుచున్న దుకాణము. బరువు దింపునపుడు ఒక్క నియమము పాటింపవలెను: నీరు తోడు పంపును పారవేయరాదు. పిల్లల చదువు, చేతిపనికి కావలసిన పనిముట్లు, ఆరోగ్యబీమా, ఇవి పంపులు. తొందరలో చాలమంది ముందుగా వీనినే విడుతురు. ఏలయన వీనిని విడిచినట్లు బయటివారికి తెలియదు. ఫిరంగులు మాత్రము మేడపై మెరయుచునే యుండును.

పోటు కొరకు వేచియుండుటయు పనిలోని భాగమే. మన విశాఖ తీరమున పోటునకును పాటునకును భేదము సుమారు మనిషి యెత్తునకు లోపుగనే యుండును. అందుచేత ఇచట ఒడ్డున చిక్కిన ఓడను నీరు తానై యెత్తునని యాశింపరాదు. పోటు స్వల్పమైనకొలది దింపవలసిన బరువు అధికము. ఎక్కువ జీతము, స్థిరమైన యుద్యోగము కలవానికి కాలమే కొంత మేలు చేయును. దినకూలితో బ్రతుకువానికి కాలము తెచ్చిపెట్టునది తక్కువ. తన తీరమున పోటెంత యని తెలియనివాడు పరుల కథలు విని ధైర్యపడి మోసపోవును.

4. సాయము చేయువారితో ఒడంబడిక

సముద్రశాసనములో ఒక గొప్ప ధర్మమున్నది. ప్రాణము కాపాడుట కర్తవ్యము. కాపాడబడినవాడు అందుకు మూల్యము చెల్లింపనక్కరలేదు. ఓడను, సరుకును కాపాడుటకు మాత్రము ప్రతిఫలమున్నది. ఆ ప్రతిఫలమునకై 1908 నుండి లండనులోని లాయిడ్స్ సంస్థవారి ఒడంబడిక పత్రము వాడుకలో నున్నది. దాని మూలసూత్రము, ఫలితము లేనిచో ప్రతిఫలము లేదనునది. దానిలో మరియొక వివేకమున్నది. ఓడ మునుగుచుండగా ధర మాటలాడరు. పని ముగిసి అందరును క్షేమముగా నున్నపుడు, మధ్యవర్తులు కూర్చుండి, కాపాడిన వస్తువు విలువ యెంత, అపాయమెంత, నేర్పెంత యని తూచి నిర్ణయింతురు. భయపడినవాడు దేనికైనను తలయూపునని అనుభవజ్ఞులకు తెలియును గనుకనే యీ యేర్పాటు.

మనము నేర్చుకొనవలసినదియు నిదియే. మెడలో ఉరిత్రాడున్న దినమున ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము చేయరాదు. ఇంటి దస్తావేజును “ఊరికే దగ్గరుంచండి” యని ఎవరికిని ఈయరాదు. ఫోనులో తోచిన అప్పుల యాప్‌లకు మన పరిచయస్థుల సంఖ్యల నన్నింటిని అప్పగింపరాదు. సాయపడినవాడు బంధువైనను మిత్రుడైనను, ఎంత తీసికొన్నది, ఎప్పటికి తీర్చునది, వడ్డీ యున్నదా లేదా యనునవి ఒక కాగితముపై వ్రాసి చెరియొక ప్రతి యుంచుకొనవలెను. అట్లు వ్రాసికొనుట అపనమ్మకమునకు గుర్తు కాదు, స్నేహమునకు రక్ష.

5. తాత్కాలికపు కొయ్య

కొయ్య విరిగిన నావికుడు క్రొత్త కొయ్య దొరకువరకు చేతులు ముడుచుకొని కూర్చుండడు. మిగిలిన వాసమును నిలిపి, చినిగిన తెరచాపను కట్టి, సగము వేగముతోనైనను దిక్కు తప్పక పోవును. మెక్‌గకిన్ చేసినది అదియే. 2017 సెప్టెంబరు 10న గోవానుండి బయలుదేరి భూప్రదక్షిణము చేసిన ‘తారిణి’ నావలోని ఆరుగురు మహిళలలో విశాఖకు చెందిన పి. స్వాతియు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యయు ఉండిరి. హార్న్ అగ్రమును చుట్టి, పసిఫిక్ తుపానులను దాటివచ్చిన యా నావకు ఇంటిదారిలో, హిందూ మహాసముద్రమున, చుక్కాని యంత్రము చెడెను. వారు ముందనుకొనని మారిషస్ దీవిలోని పోర్టు లూయీ రేవున నావను చేర్చి, బాగుచేసికొని, 2018 మే 21న గోవాకు తిరిగివచ్చిరి. ప్రణాళికలో లేని రేవున ఆగుట వారి కీర్తిని తగ్గింపలేదు.

ఉద్యోగము పోయిన సాంకేతికుడు తాత్కాలికముగా ఆటో నడుపుట, కంప్యూటరు చదువు చదివిన యువతి ఆరు నెలలు ట్యూషన్లు చెప్పుట, ఇవి తాత్కాలికపు కొయ్యలు. వీనికి సిగ్గుపడరాదు, ఇంతకంటె ముఖ్యముగా, వీనిని శాశ్వతమనియు నమ్మరాదు. తాత్కాలికపు కొయ్య నెత్తిన నాడే ఏ రేవునకు పోవలెనో, అచటికి ఎన్నాళ్లకు చేరవలెనో వ్రాసియుంచుకొన్నవాడే దానివలన మేలు పొందును.

6. విడువవలసిన ఓడ

అన్ని ఓడలును తేలవు. 2020 అక్టోబరు 13న, వాయుగుండపు గాలులకు లంగరు నిలువక, ‘మా’ అను బంగ్లాదేశ్ సరుకు ఓడ విశాఖలోని తెన్నేటి పార్కు క్రింది రాళ్ల ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను. అందలి 15 మంది సిబ్బందియు క్షేమముగా నుండిరి. నూనె సముద్రమున కలియకుండ తీసివేయు పని ముందుగా జరిగెను. తరువాతనే ఓడను కదిలించు యత్నములు. వరుస తప్పలేదు. అయినను ఓడ కదలలేదు. నగరమంతయు సెల్‌ఫోనులతో వచ్చి దానియెదుట ఫొటోలు తీసికొనుచుండగా, పర్యాటక శాఖవారు దానిని భోజనశాలగా మార్చు నాలోచన చేసిరి.

వరుస సరిగా పాటించినను ఓడ దక్కకపోవచ్చునని యీ యుదాహరణము నేర్పును. అందుచేత ఉద్ధారకుడు పని మొదలిడునపుడే మేర నేర్పరచుకొనును: కాపాడు ఖర్చు ఓడ విలువను మించినచో నిలిపివేయుట. మనకును అట్టి మేర ముందుగనే యుండవలెను. ఇంత సొమ్ము, ఇన్ని నెలలు. అది దాటినచో విడుతును. ఆపద ముదిరిన తరువాత ఏర్పరచుకొన్న మేర మేర కాదు; అప్పటికి మనస్సు ప్రతి నష్టమును మరియొక నష్టమునకు కారణముగా చూపును.

విడిచినదంతయు వ్యర్థమగునని తలపరాదు. విశాఖ రేవును నిర్మించునపుడు, డాల్ఫిన్ నోస్ చెంత అలల తాకిడిని ఆపుటకు, ఇంజనీర్లు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. ఇక ప్రయాణమునకు పనికిరాని యా ఓడల చాటుననే 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ యను ఓడ తొలిసారిగా క్రొత్త రేవులో ప్రవేశించెను. మూతపడిన వ్యాపారము వలన కలిగిన సరుకు తెలివి, మనుష్యుల యెరుక, లెక్కల యనుభవము తరువాతి పనికి అట్టి అడ్డుకట్ట కాగలవు. అయితే ముందు ఓడను విడిచితినని ఒప్పుకొనవలెను. సగము విడిచిన ఓడ దారికడ్డమగును.

7. రేవు చేరిన పిమ్మట

కాపాడబడిన ఓడను వెంటనే సముద్రమునకు పంపరు; పొడిరేవున నిలిపి, అడుగునుండి పైదాక పరీక్షింతురు. టామీ వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగి, లోహపు కడ్డీలు అమర్చిరి. ఆయన నడక మరల నేర్చుకొనవలసివచ్చెను. 2022 సెప్టెంబరు 4న అదే పందెమునకు ‘బయానాత్’ అను నావలో బయలుదేరి, దారిలో చెడిన గాలివాటు చుక్కానిని నావలోని మరుగుదొడ్డి తలుపు చెక్కతో బాగుచేసికొని, 236 దినముల తరువాత, 2023 ఏప్రిల్ 29న రెండవవాడుగా తీరము చేరెను. మొదట చేరిన దక్షిణాఫ్రికా నావికురాలు కర్‌స్టెన్ నాయ్‌షెఫర్, ఆ పందెపు దారిలోనే, నావ మునిగిన తోటి పోటీదారు నొకనిని కాపాడి, మరల తన ప్రయాణము సాగించినది. ఇతరుని కాపాడుటకై ఆగినవారు వెనుకబడుదురను భయమునకు ఇంతకంటె సమాధానమేమి?

రాళ్లను గుర్తించి చూపుట కడపటి కర్తవ్యము. భీమునిపట్నమునకు పోవు ఓడలను సంతపిల్లి రాళ్లనుండి కాపాడుటకు 1847లో ఒక గుట్టపై దీపస్తంభము కట్టిరి. దీపము రాళ్లను తొలగింపలేదు. అవి యెచటనున్నవో చెప్పినది, అంతే. తాను చిక్కిన చోటును దాచిపెట్టు తండ్రి, తన కుమారుడు అచటనే చిక్కుటకు కారకుడగును.

సాధన

ఒక కాగితము తీసికొని యీ ఆరు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుడు.

ఈ యాపదలో ఎవరి ప్రాణమునకు, ఆరోగ్యమునకు, నిద్రకు భంగము కలుగుచున్నది?
నెలనెలకు తిరిగి రాకుండ పోవుచున్నది ఎంత, ఏ రంధ్రము గుండ?
నేను నిలుపుకొన్న ఫిరంగులు ఏవి? పారవేయరాని పంపులు ఏవి?
ఎవరి సాయము, ఏ నియమములపై?
తాత్కాలికపు కొయ్య యేది, అది ఎన్నాళ్లకు?
ఏ మేర దాటినచో విడుతును?

మొదటి ప్రశ్నకు సమాధానము వ్రాయువరకు రెండవదానికి పోరాదు. అన్నియు వ్రాసిన పిమ్మట, మీరు నమ్మిన యొక్క మనిషికి ఆ కాగితమును చూపుడు. దాచుకొనుటకు వ్రాసిన కాగితము వలన ఫలము లేదు. పాఠకుడా, బిల్లు వచ్చిన తరువాత చెప్పుదుననియు, పండుగ దాటిన తరువాత చెప్పుదుననియు వాయిదా వేయవలదు. ఈ రాత్రి భోజనమైన పిమ్మట, దీపమార్పక ముందే, చెప్పుడు.